కోడికి పొద్దుగూకిందని ఎవరు చెప్పారు?

హేతువాదుల సభల్లో ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఒకటుంది. "సరే, దేవుడు లేడంటారు. మరి సాయంత్రమయ్యేసరికి కోడి గూటికి చేరాలని దానికి ఎవరు చెప్పారు? బీడులో మేసే ఆవు ఎవరూ తోలకుండానే ఇంటికి ఎలా వస్తుంది? నోరులేని జీవానికి ఈ జ్ఞానం ఎవరిచ్చారు?" అడిగినవాళ్ళు కూర్చుంటారు, సభలో చప్పట్లు పడతాయి. మనవాళ్ళలో చాలామంది "అది సహజాతం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి అది జవాబు కాదు. దేవుడు అనే మాట తీసి అక్కడ సహజాతం అనే మాట పెట్టడమే. ఏది పుట్టుకతో వచ్చింది, ఏది నేర్చుకున్నది, ఎలా తెలుసుకున్నాం అని చెప్పగలిగితేనే అది జవాబవుతుంది.

ప్రశ్న మాత్రం మంచిదే. దానికి జవాబు వెతికిన చరిత్ర ఇంకా బాగుంటుంది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు కలకత్తా మీదుగా సాగి, మన కాకినాడలో ముగుస్తుంది.

కలకత్తాకు నైరుతిగా, హుగ్లీ నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ అనే ఊరుంది. చరిత్ర చదివినవాళ్ళకి ఆ పేరు వినగానే 1914 సెప్టెంబరులో అక్కడికి చేరిన కొమగాటా మారు ఓడ, దాని ప్రయాణికుల మీద జరిగిన కాల్పులు గుర్తొస్తాయి. మిగిలినవాళ్ళకి అది జూట్ మిల్లుల ఊరు, పెట్రోలియం ట్యాంకుల ఊరు. ఆ మిల్లులకు అవతల దక్షిణ బెంగాల్ పల్లెలు మొదలవుతాయి. ఇంటింటికీ చెరువు, చెరువులో బాతులు, పెరట్లో నాలుగు కోళ్ళు, ఒక ఆవో రెండు మేకలో. మునిమాపు వేళ ఆ ఇళ్ళ ఆడవాళ్ళు చెరువు గట్టున నిలబడి "ఆయ్ ఆయ్ చొయ్ చొయ్" అని పిలుస్తారు. బెంగాల్‌లో బాతుల్ని పిలిచే తీరు అది. బాతులు నీళ్ళలోంచి వరసగా గట్టెక్కి ఇంటిదారి పడతాయి. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది, వింతగానూ ఉంటుంది.

కాస్త నిదానంగా గమనిస్తే ఒక సంగతి బయటపడుతుంది. కోడిని పిలవక్కర్లేదు, చీకటి పడుతుంటే తనంతట తనే గూటికెళ్తుంది. బాతుని పిలవాలి, లేదా తోలాలి. ఆవు కుడితి తొట్టి దగ్గరికి, దూడ దగ్గరికి వస్తుంది. అన్నీ ఒకే వేళకి ఇల్లు చేరుతున్నాయి కాబట్టి అన్నిటికీ ఒకే జ్ఞానం ఉందనుకుంటాం. ఒక్కొక్కటీ ఒక్కో కారణంతో వస్తోంది. అద్భుతం అనే మాట ఈ తేడాలన్నిటినీ మింగేస్తుంది. పరిశీలన వాటిని విడదీస్తుంది.

తేడాలకు కారణం వాటి పూర్వీకుల బతుకులో ఉంది. మన పెరటి కోడి ఎర్ర అడవికోడి సంతతి. అడవికోడి పగలు నేల మీద గింజలు, పురుగులు ఏరుకుతింటుంది, రాత్రి చెట్టు కొమ్మెక్కి పడుకుంటుంది. మసక వెలుతురులో దాని చూపు బాగా ఆనదు. నక్కకీ, అడవిపిల్లికీ ఆ వేళ బాగా కనిపిస్తుంది. పూర్తిగా చీకటి పడకముందే ఎత్తుకి ఎక్కిన కోళ్ళకే పిల్లలు మిగిలాయి. కొన్ని వేల ఏళ్ళుగా మనిషి దగ్గర పెరిగినా ఆ అలవాటు పోలేదు. బాతు సంగతి వేరు. మసక వెలుతురులో దాని చూపు కోడికన్నా మెరుగు, నీళ్ళ మీద ఉన్నంతసేపు నక్క భయం తక్కువ, రాత్రిపూట కూడా మేతకి తిరుగుతుంది. దానికి గూటికి చేరాల్సిన తొందరేమీ లేదు. తొందర మనిషిది. బాతు ఎక్కువగా తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది. రాత్రి ఇంట్లో మూసి, పొద్దెక్కాక వదిలితే గుడ్డు దక్కుతుంది, లేకపోతే చెరువు పాలవుతుంది. అందుకే పిలుపు, పిలుపు వెనక గుప్పెడు నూకలో తవుడో. ఇంటికి కొత్తగా తెచ్చిన కోళ్ళని కొన్నాళ్ళు గంప కింద మూసి ఉంచి ఆ తర్వాతే వదలడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన పనే. చీకటికి ఎక్కడో ఒకచోట చేరాలన్నది కోడి రక్తంలో ఉంది. ఆ చోటు ఏది అన్నది మాత్రం నేర్చుకోవాలి.

ఇదంతా ఈరోజు సులువుగా చెప్పేస్తున్నాం. ఇక్కడి దాకా రావడానికి చాలా కాలం పట్టింది.

సాయంత్రం మొక్కిన ఖర్జూర చెట్టు

ముందు బెంగాల్‌లోనే జరిగిన ఒక కథ. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఫరీద్‌పూర్‌లో ఒక వాలిన ఖర్జూర చెట్టు ఉండేది. సాయంత్రం గుళ్ళో గంటలు మోగే వేళకి తల వంచి నేలకి ఆనుతుందని, తెల్లవారాక మళ్ళీ లేస్తుందని చెప్పుకునేవారు. జనం ఆ చెట్టుకి మొక్కుబళ్ళు చెల్లించారు, రోగాలు నయమయ్యాయని చెప్పుకున్నారు. జగదీశ్ చంద్ర బోస్ దాన్ని పరీక్షించాలనుకున్నారు. పరాయి యంత్రం తగిలితే చెట్టు మహిమ పోతుందేమోనని దాని యజమాని భయపడ్డాడు. యంత్రం ఈ దేశంలోనే, తన ప్రయోగశాలలోనే తయారైందనీ, దాన్ని చెట్టుకి కట్టేది ఒక పూజారి కొడుకనీ చెప్పి బోస్ ఒప్పించారు.

కదలికల్ని గీసే ఆ పరికరం చూపించిందేమిటంటే, చెట్టు సాయంత్రం ఒక్కసారి మొక్కి ఊరుకోవడం లేదు, పగలూ రాత్రీ కదులుతూనే ఉంది. ఎండ వేడి పెరిగేకొద్దీ వంగుతోంది, చల్లబడేకొద్దీ లేస్తోంది. గంటకీ దానికీ సంబంధం లేదు. జనం ఎవరూ అబద్ధం చెప్పలేదు. చెట్టు వంగి ఉండటాన్ని వాళ్ళు చూసింది గుడికి వచ్చే వేళలో, అంతే. మిగతా వేళల్లో ఎవరూ చూడలేదు. మూఢనమ్మకం చాలాసార్లు ఇలాగే పుడుతుంది. చూసింది నిజమే, చూడనిదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే తప్పు. బోస్ చెట్టుని గానీ భక్తుల్ని గానీ వెక్కిరించలేదు. రోజంతా చూశారు, రాశారు.

రస్సెల్ ఇంట్లో కోడిపిల్లలు

ఇక కోళ్ళ దగ్గరికి వద్దాం. కోడిపిల్లకి ఏది పుట్టుకతో తెలుసు అని సరిగ్గా పరీక్షించిన తొలి మనుషుల్లో డగ్లస్ స్పాల్డింగ్ ఒకడు. ఇళ్ళకి పలకరాళ్ళ కప్పులు వేసే కూలివాడు. ఎబర్డీన్‌లో తత్వవేత్త అలెగ్జాండర్ బెయిన్ పాఠాలు విని చదువుకున్నాడు. గుడ్డు పగిలి పిల్ల బయటికి వస్తుండగానే, ఏమీ చూడకముందే, దాని కళ్ళ మీద చిన్న ముసుగు వేసేవాడు. ఒకటి రెండు రోజుల తర్వాత ముసుగు తీసి చూస్తే, ఆ పిల్ల కాసేపట్లోనే పురుగుని సూటిగా పొడిచింది. తల్లిని ఎన్నడూ చూడని పిల్ల, కనబడని చోటునుంచి తల్లికోడి పిలుపు వినిపిస్తే అటే పరుగెత్తింది. ముసుగు తీయగానే ఎదుట కదిలేది స్పాల్డింగే అయితే అతని వెంటే పడింది. కానీ నాలుగు రోజుల దాకా ముసుగు తీయకపోతే, అదే పిల్ల అతన్ని చూసి బెదిరి పారిపోయింది. పుట్టుకతో వచ్చిన జ్ఞానానికి కూడా ఒక గడువుందన్న మాట. 1873లో మాక్‌మిలన్స్ మ్యాగజీన్‌లో ఈ సంగతులు ప్రచురించాడు. 20వ శతాబ్దంలో కొన్రాడ్ లోరెంజ్ పేరుతో ప్రసిద్ధమైన విషయం అప్పటికే ఇక్కడ ఉంది.

మన పాఠకులకి మరింత ఆసక్తి కలిగించేది ఆ ప్రయోగాలు జరిగిన ఇల్లు. స్పాల్డింగ్ లార్డ్ ఆంబర్లీ పిల్లలకి చదువు చెప్పేందుకు కుదిరాడు. ఆ పిల్లల్లో చిన్నవాడు 1872లో పుట్టిన బెర్ట్రాండ్ రస్సెల్. అతిథుల గదితో సహా ఇల్లంతా కోడిపిల్లలు తిరిగేవి. 1876లో ఆంబర్లీ చనిపోతూ పిల్లల సంరక్షకులుగా ఇద్దరు నాస్తికుల పేర్లు వీలునామాలో రాశారు. అందులో ఒకరు స్పాల్డింగ్. తాత, నాయనమ్మ కోర్టుకెక్కి పిల్లల్ని తమ దగ్గరికి తెచ్చుకున్నారు. మరుసటి ఏడాదే స్పాల్డింగ్ క్షయతో చనిపోయాడు. తర్వాత లోకం అతన్ని దాదాపు మరిచిపోయింది.

అతన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చినవాడు జె. బి. ఎస్. హాల్డేన్. 1954లో స్పాల్డింగ్ వ్యాసాన్ని తన పరిచయంతో తిరిగి అచ్చు వేయించారు. మూడేళ్ళకి, 1957లో, హాల్డేన్ ఇంగ్లండు వదిలి కలకత్తా చేరారు. బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. బడ్జ్ బడ్జ్ హుగ్లీకి దిగువన ఉంటే, బరానగర్ అదే నదికి ఎగువన ఉంది. ఖరీదైన యంత్రాలు లేకపోయినా కళ్ళూ, నోటు పుస్తకమూ, లెక్కపెట్టే ఓపికా ఉంటే ఈ దేశంలో గొప్ప జీవశాస్త్రం చేయొచ్చని ఆయన పట్టుబట్టారు. జంతువుల్ని చంపకుండా, అవి బతికే తీరును గమనించి నేర్చుకోవాలన్నారు. ఆయన శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఒకే తోటలో ఏ సీతాకోకచిలుక ఏ రంగు లాంటానా పువ్వు మీద ఎన్నిసార్లు వాలుతోందో లెక్కపెట్టి, 1960లో నేచర్ పత్రికలో ప్రచురించారు. లాంటానా మన రోడ్ల పక్కన పెరిగే కంపే!

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయారు. కర్మకాండలు వద్దన్నారు. ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. పుట్టుకతో ఏమొస్తుంది అని కోడిపిల్ల కళ్ళకి ముసుగు వేసి అడిగిన మనిషిని తవ్వి తీసినవాడు, చివరికి తన దేహాన్ని కూడా ప్రశ్నలడిగే విద్యార్థుల చేతుల్లో పెట్టి వెళ్ళాడు. దేహదానం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ పేరు ఎందుకు గుర్తు చేసుకోమో నాకు అర్థం కాదు.

నేర్చుకోవడం అంటే

స్పాల్డింగ్ పుట్టుకతో వచ్చేదాన్ని చూపిస్తే, నేర్చుకునేదాన్ని కొలిచినవాడు అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్. అతనికీ కోడిపిల్లలే దిక్కయ్యాయి. వాటిని గదిలో ఉంచుకోవడానికి ఇంటి యజమానురాలు ఒప్పుకోకపోతే, తత్వవేత్త విలియం జేమ్స్ తన ఇంటి నేలమాళిగ ఇచ్చారు. పుస్తకాలు నిలబెట్టి సందులు కట్టి, అందులోంచి పిల్ల బయటపడటానికి ఎంతసేపు పడుతుందో చూశాడు. మొదటిసారి గందరగోళంగా తిరుగుతుంది. పదిసార్లయ్యాక నేరుగా వెళ్తుంది. అకస్మాత్తుగా జ్ఞానోదయమేమీ కాలేదు, సమయం మెల్లగా తగ్గింది. ఫలితం బాగున్న పని మళ్ళీ జరుగుతుంది అని 1898లో రాశాడు.

కుడితి తొట్టి దగ్గరికి నడిచే ఆవుకీ, "చొయ్ చొయ్" వినగానే గట్టెక్కే బాతుకీ ఈ సూత్రం సరిపోతుంది. నమ్మకం లేకపోతే ఎవరి పెరట్లో వాళ్ళే పరీక్షించుకోవచ్చు. పిలుపు వెనక మేత లేకుండా వరసగా కొన్నాళ్ళు పిలిచి చూడండి. బాతులు మెల్లగా పిలుపుని లెక్కచేయడం మానేస్తాయి. పూర్వజన్మ బంధమైతే నూకలు లేనంతమాత్రాన తెగిపోకూడదు కదా!

జంతువులు మన మాటకన్నా మనల్ని ఎక్కువ గమనిస్తాయన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1904లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని గొప్ప పేరు వచ్చింది. గిట్టతో నేల మీద కొట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫంగ్స్ట్ పరీక్షిస్తే, ప్రశ్న అడిగినవాడికే జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియలేదు. అడిగినవాడి ఒంట్లో, తలలో వచ్చే అతి చిన్న కదలికను చూసి అది ఆపేస్తోంది. యజమాని మోసగాడు కాడు, ఆయనకే ఆ సంగతి తెలియదు. మన గంగిరెద్దుని ఆడించేవాళ్ళు ఈ విషయంలో యజమానికన్నా ఎంతో తెలివైనవాళ్ళు. డూడూ బసవన్న ఎప్పుడు తలూపాలో తాడు, చెయ్యి, డోలు చెబుతాయని వాళ్ళకి తెలుసు, ఎన్నో నెలలు కష్టపడి నేర్పింది వాళ్ళే. సాయంత్రం మీరు తలుపు తీసే చప్పుడు, బకెట్టు ఎత్తే తీరు, నడిచే దారి కూడా మీ పశువుకి ఇలాంటి సైగలే.

లోపలి గడియారం

ఇంకో ముక్క మిగిలింది. వేళ ఎలా తెలుస్తుంది? 1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త ద మైరాన్ అత్తిపత్తి జాతి మొక్కని చీకట్లో ఉంచితే, ఎండ తగలకపోయినా దాని ఆకులు రోజూ వేళకి విచ్చుకుని ముడుచుకోవడం చూశాడు. జీవులకి లోపల ఒక గడియారం ఉందన్న ఆలోచనకి అదే నాంది. దాని జన్యువుల్ని ఈగల్లో విప్పిచెప్పినందుకు 2017లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది.

కోడిపుంజుకీ ఈ గడియారం ఉందని 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో షిమ్మురా, యోషిమురా నిరూపించారు. ఎప్పుడూ ఒకే మసక వెలుతురున్న గదిలో ఉంచినా పుంజులు దాదాపు రోజుకి ఒకసారి తిరిగే కూత చక్రాన్ని కొనసాగించాయి. మామూలు రోజుల్లో వెలుగు రావడానికి రెండు గంటల ముందే కూత మొదలవుతుంది. వెలుగు పడినా, పక్క పుంజు కూసినా వేళకాని వేళలోనూ కూస్తాయి. 2015లో మరో సంగతి బయటపెట్టారు. గుంపులో పెత్తనం చేసే పుంజు మొదట కూస్తుంది, మిగతావి హోదా ప్రకారం వరసగా అందుకుంటాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది ఆ పని మొదలుపెడుతుంది.

"నా కోడి కూయకపోతే తెల్లవారదు" అనుకున్న ముసలమ్మని చూసి మనం నవ్వుకుంటాం. అర్ధరాత్రి కోడి కూసిందని కీడు శంకించి దాని మెడ విరిచేవాళ్ళని చూసి మాత్రం నవ్వం. రెండూ ఒకే రకం పొరపాటు. జనంలో ఉన్న అహల్య కథలో గౌతముడంతటివాడు ఇంద్రుడి దొంగకూత నమ్మి ఏటికి స్నానానికి వెళ్తాడు. ఆ కథ అల్లినవాళ్ళకి కూడా కూతకీ తెల్లవారడానికీ ముడి వదులుగానే ఉంటుందని తెలుసన్నమాట! ఈ రోజుల్లో దొంగకూతకి ఇంద్రుడు అక్కర్లేదు, వీధి మలుపులో లారీ హెడ్‌లైటు చాలు. ఇక పెట్ట కూస్తే మరీ అరిష్టమంటారు. కోడిపెట్టకి పనిచేసేది ఎడమ అండాశయం ఒక్కటే, అది దెబ్బతింటే పుంజు లక్షణాలు రావచ్చు. అది రోగం, ఇంటికి కీడు కాదు. మనమే ఇలా అనుకోకండి, 1474లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో గుడ్డు పెట్టిందన్న నేరానికి ఒక పుంజుని విచారించి తగలబెట్టారు.

మరి మనకేమిటి?

ఇంతకీ కోడి వట్టి యంత్రమా? దేవుణ్ణి పక్కన పెట్టగానే కొందరు ఇక్కడికి దూకేస్తారు. జంతువులు యంత్రాలని 17వ శతాబ్దంలో డేకార్ట్ అన్నాడు. ఆధారాలు అలా చెప్పడం లేదు. స్వీడన్‌లో ఓల్సన్, కీలింగ్ అనే పరిశోధకులు రాత్రిపూట కోళ్ళకి, తోసి తెరవాల్సిన తలుపుకి అవతల ఎక్కి పడుకునే కర్ర పెట్టారు. తలుపు బరువు పెంచుతూ పోయారు. ఎక్కడానికి కర్ర ఉన్నప్పుడు కోళ్ళు ఎక్కువ బరువుని తోశాయి. 2002లో వచ్చిన ఈ ఫలితం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రాత్రి ఎత్తున పడుకోవడం కోడికి ఊరికే అలవాటు కాదని, దానికోసం అది కష్టపడుతుందని చెబుతోంది. 2000లో అక్కడే మరో పరిశోధన, చిన్నప్పటినుంచి ఎక్కే కర్రలు లేకుండా పెరిగిన కోళ్ళు పెద్దయ్యాక ఎత్తులు ఎక్కడంలో వెనకబడతాయని చూపింది. పుట్టుకతో వచ్చిన కోరికకి కూడా నేర్చుకునే అవకాశం కావాలి.

దీన్ని మన గుడ్ల పరిశ్రమ పక్కన పెట్టి చూడండి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో తెలుగు రాష్ట్రాలు ముందున్నాయి. ఫారాల్లో పెట్టలు ఎక్కువగా తీగ బోనుల్లో, ఒక్కోదానికి ఏ4 కాగితమంత చోటు కూడా లేకుండా ఉంటాయి. బల్బులు వేసి పగటిని సాగదీస్తారు, ఎందుకంటే పగలు పొడుగైతే గుడ్లు పెరుగుతాయి. పొద్దుగూకిందని లోపలి గడియారం చెబుతున్నా ఎక్కడానికి కొమ్మ లేదు. ఐరోపా సమాఖ్య ఇలాంటి మామూలు బోనుల్ని 2012 నుంచి నిషేధించింది. మన లా కమిషన్ 2017లో తన 269వ నివేదికలో గుడ్ల కోళ్ళ పెంపకానికి కొత్త నియమాల ముసాయిదా ఇచ్చింది.

బడ్జ్ బడ్జ్‌కి ఒకసారి తిరిగి వెళ్దాం. అక్కడి మిల్లులూ ఒక కూత కూసేవి. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల్లో ఆ కూతకి లేచి, ఆ కూతకి పడుకున్నవాళ్ళే. 1890లలో మిల్లుల్లోకి విద్యుత్ దీపాలు వచ్చాక పనిదినం 15 గంటల దాకా సాగింది. పొద్దుతో లేచి పొద్దుతో పడుకునే రైతుబిడ్డని గడియారానికి కట్టేసిన ఈ మార్పు గురించి చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1967లోనే గొప్ప వ్యాసం రాశాడు. బల్బు వేసి పగటిని సాగదీసే విద్యని కోడికన్నా ముందు కూలివాడి మీద ప్రయోగించారు. కోడి గడియారం గురించి మాట్లాడుతూ ఈ గడియారాన్ని మరిచిపోతే మన హేతువాదం సగమే.

కాబట్టి ఈసారి సభలో ఎవరైనా "కోడికి ఎవరు చెప్పారు" అని అడిగితే విసుక్కోకండి. అడవిలో బతికి మిగిలిన పూర్వీకులు కొంత చెప్పారు, లోపలి గడియారం కొంత చెప్పింది, తల్లికోడి కొంత చెప్పింది, గుప్పెడు నూకలతో మీ అమ్మగారు కొంత చెప్పారు అని జవాబివ్వండి. ఏది ఎంత అన్నది తేల్చడానికి ఒక కూలివాడు, ఒక నేలమాళిగ, ఒక పూజారి కొడుకు, కాకినాడ చేరిన ఒక దేహం అవసరమయ్యాయని కూడా చెప్పండి. ఆ తర్వాత, ఆ కోడికి రాత్రి ఎక్కి కూర్చునేందుకు ఒక కర్ర ఉందా అని ఒక ప్రశ్న మీరూ అడగండి.